అంచు కింది పేరు

మీ ఇంట్లో పాత స్టీలు చెంబో పళ్లెమో ఉంటే ఒకసారి తీసి తిరగేసి చూడండి. పెళ్లికి చదివించినవాళ్ల పేరు, తారీఖు చెక్కి ఉంటాయి. మీది కరీంనగర్ చుట్టుపక్కల ఊరై, అక్షరాలు గుండ్రంగా ఉండి, పేరు సరిగ్గా అంచు మడత కింద ఉందంటే అది మా మక్బూల్ చెక్కిందే. పేర్లు కొట్టేవాళ్లు ఊళ్లో ఇంకా నలుగురున్నారు. వాళ్లు కొట్టిన పేరు నాలుగేళ్లు తోమితే ఆనవాలు లేకుండా పోతుంది. మక్బూల్ కొట్టింది పోదు. నా మాట అబద్ధమైతే గిన్నె తెచ్చి నా మొహాన కొట్టండి. టవర్ సర్కిల్ దగ్గర స్టీలు సామాన్ల శ్యాంసుందర్ అంటే ఎవరైనా చూపిస్తారు.

"సేటు మంచోడే గని, నోరే జర..." అని నా వెనక అనుకుంటారు. అనుకోనీయండి. పల్చటి రేకు గిన్నె కావాలని వచ్చినవాణ్ణి నేను తిట్టకుండా పంపలేను. మా బాపు నేర్పింది ఒక్కటే: సామాను చేతిలో పెడితే బరువు తెలియాలి. బరువుంటేనే అది వస్తువు. ఈ మాటను నేను యాభై ఏళ్లు దేవుడి మాటలా పట్టుకున్నాను. దాని వల్ల ఏమైందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మక్బూల్ మా దుకాణం మెట్ల మీద ఎడమవైపు కూర్చుంటాడు. ఇరవై రెండేళ్లుగా అదే చోటు. ఒక చెక్క పీట, లావుపాటి పెన్నులాంటి మిషను, దాని వైరు మా గోడ ప్లగ్గులో. గిన్నె ఇవ్వగానే పేరు కొట్టడు. ముందు దాన్ని చేతుల్లో తిప్పుతాడు. "దీన్ని యాడ పట్టుకుంటరమ్మా? తోముడు యాడికెల్లి మొదలుపెడ్తరు?" అని అడుగుతాడు. చెయ్యి తగలని చోటు, పీచు రుద్దని చోటు వెతికి అక్కడ పెడతాడు పేరు. అది చాలావరకు అంచు మడత కిందే ఉంటుంది. పేరు పొట్టి చేసి కొట్టమంటే ఒప్పుకోడు, పూర్తి పేరే కొడతాడు. చొప్పదండి నుంచి పెళ్లి సామాన్లకు వచ్చినవాళ్లు, నస్పూర్ నుంచి గని కార్మికుల రిటైర్మెంట్ ఫంక్షన్లకు వందల కొద్దీ టిఫిన్ డబ్బాలు కొనేవాళ్లు, దుబాయి నుంచి వచ్చి అక్కాచెల్లెళ్లకు బిందెలు పెట్టేవాళ్లు, అందరూ నా దగ్గర తిట్లు తిని, మక్బూల్ దగ్గర మంచి మాట విని పోయేవాళ్లే.

అతనికి ఒక్కతే కూతురు. యుమ్నా. పెళ్లయిన పదకొండేళ్లకు పుట్టింది. బడి వదలగానే మా దుకాణానికి వచ్చి, తండ్రి పక్కన మెట్టు మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. నన్ను ఏమాత్రం ఖాతరు చేసేది కాదు. ఒకసారి ఒక గిరాకీ మీద గట్టిగా అరుస్తుంటే నోటుబుక్కులోంచి తలెత్తి, "సేటు చాచా, మా సార్ గూడ గింత ఒర్లడు" అంది. బజారంతా నవ్వింది. దానికి ఒకటో తరగతి అప్పుడు అన్నం తినడానికి ఒక పళ్లెం ఇచ్చాను. మా కొట్లో అన్నింటికన్నా బరువైన పళ్లెం. అది రెండు చేతులతో కూడా ఎత్తలేకపోయింది. "ఇందుల తింటె చేతులకు కసరత్తు అయితది" అన్నాను. మక్బూల్ దాని మీద పేరు కొట్టాడు. తండ్రి చేతిలో మిషను గర్రుమంటుంటే ఆ పిల్ల రెండు చెవులూ మూసుకుని నవ్వింది.

ఆరో తరగతిలో ఉండగా, వానాకాలంలో డెంగీ వచ్చింది. నాలుగు రోజులు. ఐదో రోజు పొద్దున మక్బూల్ తమ్ముడు ఫోన్ చేశాడు. నేను దుకాణం షట్టరు సగం ఎత్తినవాణ్ణి అలాగే దించేశాను.

వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు పోరు. రషీదా, అంటే మక్బూల్ భార్య, గడప దాకా వచ్చి ఆగిపోయింది. మగవాళ్లం భుజాల మీద ఎత్తుకుని వెళ్లాం. నేనూ వెళ్లాను, మట్టి వేశాను. మేం తిరిగొచ్చేసరికి ఆమె అక్కడే, గడప మీదే ఉంది. "యాడ పెట్టిండ్రు? ఎవరి పక్కకు పెట్టిండ్రు?" అని అడిగింది. "నీళ్ల టాంకీ దిక్కు. వేపచెట్టు దాటినంక" అన్నాడు మక్బూల్. "వేపచెట్టుకు ఎంత దూరం?" అంది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అతను అక్కడికి పోయి రావడం, ఆమె అవే ప్రశ్నలు అడగడం. ఎన్నిసార్లు చెప్పినా ఆమె కళ్లకు ఆ చోటు కట్టలేదు. ఎలా కడుతుంది? ఒక్కసారైనా చూసి ఉంటే కదా. కన్నతల్లికి బిడ్డ ఎక్కడ పడుకుందో తెలియదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

రెండు నెలల తర్వాత మా వైపు ఎమ్మెల్యే పరశురాములు మనిషి దుకాణానికి వచ్చాడు. హరీష్ అని, ఆయన పీఏ. హైదరాబాద్‌లో ఏదో ప్రైవేటు రాకెట్ కంపెనీ ఉందట. సర్కారుది కాదు, మనలాంటివాళ్లే పెట్టుకున్న కంపెనీ. వాళ్లు శ్రీహరికోట నుంచి రాకెట్ వదులుతున్నారు. "మన సర్కారు బళ్ల పిల్లల పేర్లు ఒక స్టీలు పలక మీద కొట్టిచ్చి, గా రాకెట్‌ల పంపిస్తున్నడు మా సారు" అన్నాడు హరీష్. రాకెట్ చివరి ముక్కకు ఆ పలక బిగిస్తారట. అది రెండు మూడేళ్లు భూమి చుట్టూ తిరుగుతుందట. మొత్తం ఆరువందల పన్నెండు పేర్లు.

పలక పని నాది, పేర్లు మక్బూల్‌వి. నాకు గర్వం నెత్తికెక్కింది. మా ఊరి స్టీలు ఆకాశంలోకి పోతుంది! అది అల్లాటప్పా రేకు కాకూడదు కదా. గోదాములో ఉన్న వాటిలో అన్నింటికన్నా మందమైన రేకు తీశాను. వెల్డింగు దుకాణంలో చుట్టూ అంచు మడత పెట్టించాను. తూకం వేస్తే ఏడున్నర కిలోలు. "అబ్బ, ఏం బరువున్నది సేటూ" అన్నాడు హరీష్ మోయలేక. "మరేమనుకున్నవ్? మా దుకాణం సామాను" అన్నాను మీసం తిప్పి. నా మొహం!

బళ్ల నుంచి పేర్ల జాబితాలు వచ్చాయి. మక్బూల్ పద్దెనిమిది రోజులు కూర్చున్నాడు. పన్నెండో రోజు మిషను చప్పుడు ఆగిపోయింది. టీ కోసం ఆపాడనుకున్నాను. చాలాసేపటికి కూడా మొదలుపెట్టకపోతే లేచి వెళ్లి చూశాను. అతని ఒళ్లో యుమ్నా బడి జాబితా ఉంది. ఆరో తరగతి, బి సెక్షన్. జాబితా ఆగస్టులో రాసిందేమో, యుమ్నా పేరు అందులో ఉంది. ఎవరో తర్వాత ఎర్ర సిరాతో దాని మీద అడ్డంగా గీత కొట్టారు. స్కేలు పెట్టి, నీటుగా కొట్టారు.

"తప్పు లేదు సేటూ. బతికున్నోళ్ల పేర్లే గద" అన్నాడు మక్బూల్. కోపం వస్తే నాకు మాటలు దొరుకుతాయి. ఏడుపు వస్తే ఒక్కటీ దొరకదు.

పని అయిపోయిన రోజు సాయంత్రం పలకను బోర్లా తిప్పాడు. అటూ ఇటూ చూసి, వెనకవైపు అంచు మడత కింద, వేలు దూర్చి తడిమితే తప్ప తెలియని చోట, ఏదో చిన్నగా చెక్కాడు. నేను గల్లా పెట్టె దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. ఏం రాశావని అడగలేదు. ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆవిడ వినోదకు చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

బడి గ్రౌండులో పెద్ద ఫంక్షన్ పెట్టారు. ఎమ్మెల్యే పలకను రెండు చేతులతో ఎత్తి ఫోటోలు దిగాడు. "పొద్దు మునిగినంక ఆకాశంల చూడున్రి. మినుకు మినుకుమనకుంట ఒక చుక్క సక్కగ నడుచుకుంట పోతది. గది మీ పిల్లల పేరే!" అన్నాడు మైకులో. చప్పట్లే చప్పట్లు. ఆడవాళ్ల వైపు, చివరి వరసలో రషీదా ఉంది. ఆ ముందు రోజే మక్బూల్ ఆమెకు అంచు కింది సంగతి చెప్పాడు.

నెల తర్వాత రాకెట్ ఎగిరింది. మా దుకాణంలో టీవీ పెట్టి బజారంతా చూశాం. పొగ, నిప్పు, తర్వాత ఖాళీ ఆకాశం. మక్బూల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి రషీదా మళ్లీ మనిషి అయింది. పొద్దు గూకి మగ్రిబ్ నమాజు కాగానే ఒక పీట తీసుకుని మిద్దె ఎక్కేది. చుక్కలు పూర్తిగా పొడవకముందే, ఒక్కోరోజు నిజంగానే ఒక చుక్క కదులుతూ కనిపిస్తుంది. ఆమె లేచి నిలబడి చెయ్యెత్తి సలాం చేసేది. ఏం తిన్నదో, ఎవరి ఇంట్లో పెళ్లో, నాన్న ఎవరి పేర్లు కొట్టాడో అన్నీ దానికి చెప్పేది. ఒకసారి పండగకు వెళ్తే నాకు సేమ్యా పెట్టి, "భయ్యా, నిన్న యుమ్నా మంచిగ కనవడ్డది. మబ్బే లేదు" అంది. బిడ్డ పక్క ఊరి హాస్టల్లో ఉన్నట్టే చెప్పింది. ఖబరస్తాన్ సంగతి అడగడం మానేసిందని మక్బూల్ చెప్పాడు. అక్కడ చూసే భాగ్యం లేని తల్లికి ఆకాశం దొరికింది. దానికి అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు, గోడ లేదు, గేటు లేదు. ఇలా రెండేళ్లు గడిచాయి.

ఈ ఏడు ఎండాకాలంలో పేపర్లలో పడింది. ఆ రాకెట్ కంపెనీకి సర్కారు భూమి ఇవ్వాలని మా ఎమ్మెల్యే అసెంబ్లీలో గట్టిగా మాట్లాడాడు. అదే సమయంలో ఆయన అల్లుడి పేరు మీద ఆ కంపెనీ వాటాలు ఉచితంగా వచ్చి పడ్డాయి. విషయం శాసనసభ నైతిక విలువల కమిటీకి వెళ్లింది. ఎమ్మెల్యే ఏమన్నాడో తెలుసా? "నాకు వాటాలతోటి సంబంధం లేదు. గా కంపెనీ మా పేద పిల్లల పేర్లు ఆకాశానికి తీస్కపోయింది. గా కృతజ్ఞత తోనే మాట్లాడిన" అన్నాడు.

మూడో రోజే పేపర్లో ఒక ఫోటో వచ్చింది. ఎమ్మెల్యే ఫారంహౌస్‌లో మోటర్లు చూసే మల్లేష్ అనే అతను తీసింది. బావి దగ్గర కరెంటు మోటరు స్టార్టరు డబ్బా, దాని మీద వాన పడకుండా బోర్లించిన స్టీలు పలక. పక్కకు ఒరిగిన వైపు పిల్లల పేర్లు కనిపిస్తున్నాయి. మల్లేష్ కూతురి పేరు కూడా అందులో ఉందట. అతను రోజూ మోటరు వేస్తున్నాడు గానీ ఎప్పుడూ దాన్ని తిప్పి చూడలేదు. చూసిన రోజు ఫోటో తీశాడు.

"గది సాంపిలు పలక. అసలుది మీదికి పోయింది" అని ఎమ్మెల్యే అన్నాడు. "మాకు పలక రానే లేదు" అని కంపెనీ అంది. కమిటీ ఆ పలకను తెప్పించి, చెక్కినవాణ్ణీ రేకు ఇచ్చినవాణ్ణీ రమ్మని కాగితాలు పంపింది.

హరీష్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మక్బూల్ భాయ్, సాంపిల్ అను. గంతే. ఒక్క మాట. సేటూ, నువ్వన్న చెప్పు. మా సారు ఇచ్చే ఆర్డర్లు నీకు ఎర్కనే గద" అన్నాడు.

నేను చెప్పాను. అవును, నేనే చెప్పాను. దాచుకుని ఏం చేసుకుంటాను? హరీష్ పోయాక మక్బూల్ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. "ఎమ్మెల్యే మన్నుల పడనీ. రషీదా చెల్లె మొకం చూసి అను భాయ్. పొద్దూకంగ మీదికి పోయి ఒక చుక్కతోటి మాట్లాడుకుంటది. గంతే గదా ఆమెకున్నది. గదాన్ని గుంజుకుంటవా?" అన్నాను. ఆర్డర్ల సంగతి నా మనసులో లేదని ఒట్టు వేయను. కానీ ఆ మాట మాత్రం నిజంగా అన్నాను.

మక్బూల్ మిషను వైరు వేలికి చుట్టుకున్నాడు. "నాకు గదే ఫికర్ సేటూ. మూడు దినాల సంది నిద్ర లేదు. గని నా బిడ్డ గా మోటరు మీద బోర్ల పడి ఉన్నది. నా ముంగట పెట్టి, గిది నీ బిడ్డేనా అని అడుగుతరు. కాదు అని ఎట్లంట? బడోళ్లు ఒకసారి గీత కొట్టిన్రు. ఇంకోపారి నేను కొట్టాల్నా?" అన్నాడు.

నేను లేచి లోపలికి వెళ్లి, ఊరికే గిన్నెలు సర్దాను.

రషీదాకు ఏమీ చెప్పకుండానే మేమిద్దరం హైదరాబాద్ బస్సెక్కాం. ఫోటో సంగతి అప్పటికే ఆమె విని ఉంది. "గది సాంపిలట గదా?" అని అడిగితే మక్బూల్ చెప్పులు వేసుకునే నెపంతో కిందికి వంగాడు.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల మీద పేపర్లు పరిచి, వాటి మీద పలక పెట్టారు. రెండేళ్లు ఎండకు ఎండి వానకు తడిసినా ఎక్కడా చిటికెడు తుప్పు లేదు. నా స్టీలు! చూసి సంతోషపడాలో గోడకు తల బాదుకోవాలో నాకు తెలియలేదు. ఎమ్మెల్యే అటు చివర కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. హరీష్ ఆయన వెనక నిలబడ్డాడు.

అధ్యక్షుడు పెద్దమనిషి, మెల్లగా మాట్లాడాడు. "మక్బూల్ గారూ, ఇది ఫంక్షన్‌లో చూపించిన పలకేనా, సాంపిల్ కోసం చేసిందా?"

"జర తిరగేయొచ్చా సార్?"

తిరగేశాడు. కళ్లు పలక మీద లేవు. ఎదురుగా గోడ మీద ఉన్నాయి. బొటనవేలిని అంచు మడత కిందికి దూర్చి మెల్లగా జరిపాడు. జానెడు దూరం పోయాక వేలు ఆగింది.

"గిదే సార్. అసలుది గిదే. సాంపిలు నేను చేయనే లేదు."

"ఎట్లా చెప్పగలరు?"

"గీడ ఒక పేరున్నది. యుమ్నా. ఆరో తరగతి, బి సెక్షన్."

అధ్యక్షుడు జాబితా తిప్పాడు. "లిస్టులో ఆ పేరు మీద గీత ఉందే?"

"సచ్చిపోయిందని కొట్టేసిండ్రు సార్."

"ఎవరామె?"

"మా బిడ్డ" అన్నాడు మక్బూల్. "సాంపిలు మీద ఎవరన్న బిడ్డ పేరు రాసుకుంటరా సార్?"

ఎమ్మెల్యే కాలు దించాడు.

తర్వాత ఒక ఉత్తరం చదివారు. హరీష్ కంప్యూటర్‌లో దొరికిందట. పలక పంపబోతున్నామని ఎమ్మెల్యే ఆఫీసు రాస్తే, కంపెనీవాళ్లు ఇచ్చిన జవాబు. 'మూడువందల గ్రాములకు మించి తీసుకోలేము. మీరు రాసిన పలక ఏడున్నర కిలోలు. అవే పేర్లు పల్చటి రేకు మీద చెక్కి నెల లోపు పంపితే తప్పకుండా తీసుకెళ్తాము.' దానికి ఎవరూ తిరుగు జవాబు రాయలేదు. ఫంక్షన్ అయిపోయింది, ఫోటోలు వచ్చేశాయి, ఇంకా ఎవరికి కావాలి? పలకను ఫారంహౌస్‌లో పడేశారు. బరువుంది కాబట్టి గాలికి ఎగరదని స్టార్టరు మీద బోర్లించారు.

నా బరువు! నా దుకాణం పరువు! మీసం తిప్పింది నేను. మూడువందల గ్రాములంటే ఒక చిన్న గిన్నె. నెల రోజులు టైముంది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు మా దుకాణానికి వచ్చి చెప్పి ఉంటే, మక్బూల్ రాత్రింబవళ్లు కూర్చుని మళ్లీ కొట్టేవాడు. డబ్బా రేకు మీదైనా కొట్టేవాడు. ఆ పిల్ల ఆకాశానికి పోయేది.

"ఇంత బరువైన స్టీలు ఎవరు ఎంచారు?" అని అడిగాడు అధ్యక్షుడు. నేను లేవబోయాను. నాకంటే ముందు మక్బూల్, "మంచి స్టీలు సార్. పిల్లల కోసమని మంచిది తీసిండ్రు" అన్నాడు. నా వైపు చూడలేదు. అతను నన్ను తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

తిరుగు బస్సు సిద్దిపేట దాటాక మక్బూల్ అన్నాడు: "రేపు టీవీల వస్తది. గామె టీవీల చూడొద్దు. నేనే చెప్తా. జర ఎంబడి రా సేటూ."

మేం ఇల్లు చేరేసరికి మగ్రిబ్ అయిపోయింది. రషీదా చేతిలో పీట పట్టుకుని మిద్దె మెట్ల మీద ఉంది. మూడో మెట్టు ఎక్కింది.

"రషీదా, మీదికి పోకు" అన్నాడు మక్బూల్.

వాళ్లు ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకుంటారు. నాకు తెలిసినంత నా భాషలో చెప్తున్నాను. అతను మెట్ల కింద నిలబడి మొత్తం చెప్పాడు. ఏదీ మెత్తగా చేయలేదు. ఆమె పీట పట్టుకునే వింది.

"ఇన్ని దినాలు యాడున్నది?" అంది.

"మోటరు మీద."

"ఎందుకు?"

"మోటరు తడవకుంట."

ఆమె మూడో మెట్టు మీదే కూర్చుండిపోయింది. "వానలు పడ్డయి గద. రెండు వానకాలాలు పోయినయి" అంది. "మోటరు తడవొద్దని నా బిడ్డను తడిపిండ్రా?"

మక్బూల్ గోడకు ఆనుకుని ఏడ్చాడు. నేను ఆ గుమ్మంలో నిలబడి నా జన్మలో ఎప్పుడూ ఏడవనంత ఏడ్చాను. ఆమె మాత్రం ఏడవలేదు. కాసేపటికి పైకి, మిద్దె తలుపులోంచి కనిపించే ఆకాశం ముక్క వైపు చూసి, "మరి నేను సలాం చేసింది ఎవరికి?" అని అడిగింది. ఎవరు చెప్తాం? ఏ దేశం వాళ్ల ఉపగ్రహమో, ఏ కంపెనీదో. అది ఆ సాయంత్రం కూడా తన దారిన పోయే ఉంటుంది.

వారం రోజులు ఆమె మిద్దె ఎక్కలేదు. అన్నం కూడా సరిగ్గా ముట్టలేదట. మరుసటి శుక్రవారం మక్బూల్ ఖబరస్తాన్‌కు బయలుదేరుతుంటే, "నేనొస్త" అంది. "లోపలికి రాను. రోడ్డు మీద నిలబడ్త. గోడ బయట. నా బిడ్డ యాడున్నదో నాకు చూపియ్యి" అంది. మక్బూల్ నాకు ఫోన్ చేశాడు. నేను ఆటో మాట్లాడుకుని వెళ్లాను.

పడమటి వైపు గోడ పోయినేడు వానకు కొంత కూలి, ఛాతీ ఎత్తులో ఉంది. రషీదా అక్కడ నిలబడింది. కానీ లోపలంతా పిచ్చి తుమ్మ, మనిషెత్తు గడ్డి. వేపచెట్టు తల మాత్రం కనిపిస్తోంది. మక్బూల్ లోపలికి పోయాక అతని టోపీ కూడా కనిపించలేదు.

"యాడ భయ్యా? నాకేం కనవడ్తలేదు" అంది రషీదా. పక్షిలా అటూ ఇటూ తల తిప్పుతోంది. మునివేళ్ల మీద లేచింది. "యాడ? వేపచెట్టుకు గిటా, గటా?"

నాకూ కనిపించలేదు. దేవుడా, ఇది కూడా లేకుండా చేశావా అనుకున్నాను.

అప్పుడు గడ్డి మీద, వేపచెట్టుకు కుడివైపు, ఏదో తళుక్కుమంది. మక్బూల్ ఇంటి నుంచి సంచిలో ఏం తెచ్చాడో నేను పట్టించుకోలేదు. యుమ్నా పళ్లెం. నేను ఒకటో తరగతిలో ఇచ్చిన బరువు పళ్లెం. దాన్ని రెండు చేతులతో నెత్తి పైకెత్తి, పడమటి ఎండ పడేలా ఇటు తిప్పాడు. నాలుగున్నర ఎండ. ఆ వెలుగు గోడ మీదుగా వచ్చి రషీదా మొహం మీద పడింది. ఆమె కళ్లు మూసుకోలేదు.

"గాడనా!" అంది. "గింత దగ్గరనా, నా తల్లీ!"

చెయ్యెత్తి సలాం చేసింది. ఇంక మాటలు ఆగలేదు. రెండేళ్లూ ఆకాశానికి చెప్పినవన్నీ మళ్లీ మొదటినుంచి చెప్పసాగింది. పెదనాన్న కొడుకు పెళ్లి, పక్కింటి మేకపిల్ల, పండగ సేమ్యా. ఏడుస్తూనే చెప్పింది. అటు ఆ వెలుగు మొదట నిలకడగా ఉంది. పది నిమిషాలకు కొంచెం కొంచెంగా వణకడం మొదలుపెట్టింది. ఆ పళ్లెం బరువు నాకు తెలుసు. యాభై దాటిన మనిషి ఎంతసేపు ఎత్తి పట్టగలడు?

రషీదాకూ అది కనిపించింది. చెంగుతో మొహం తుడుచుకుని, "ఇగ దించుమని చెప్పు భయ్యా. ఆయినె చేతులు గుంజుతయి" అంది.

కేకేయడానికి నోరు తెరిచాను. ఆమె ఇంకా అటే చూస్తోంది. నేను కేకేయలేదు.